మేసియ సాకిన గాలులు

పొద్దున్నే రొట్టెలు కాల్చడానికి మేసియకు కట్టెలు అక్కర్లేదు. పొయ్యి మూత తీసి, "లేరా ఇసకోడా, తెల్లారింది" అంటే చాలు. లోపల ముడుచుకుని పడుకున్న ఎడారి గాలి ఒళ్లు విరుచుకుని బుస్సుమని వేడెక్కేది. రొట్టెలో అప్పుడప్పుడు ఇసక తగిలేది. సెసింబ్ర రేవులో దానికి వంక పెట్టినవాళ్లు లేరు. కెప్టెన్ మార్తిమ్ ఇంటి రొట్టె అంటే పళ్లకింద కాస్త కరకరలాడాల్సిందే.

మేసియ మొగుడు మార్తిమ్ ఏ కొత్త తీరానికి వెళ్లొచ్చినా, అక్కడి గాలి ఒకటి తెరచాప పట్టుకుని వెంట వచ్చేసేది. మీసాలు వచ్చీరాని వయసులో మదీరా దీవికి వెళ్లినప్పుడు కట్టెపొగ వాసన వేసే పిల్లగాలి వచ్చి మంచం కింద చేరింది. ఎడారి తీరాన అప్పటిదాకా ఎవరూ దాటని, సముద్రంలోకి పొడుచుకొచ్చిన కొండకొమ్ము దాటి, రాజుగారి పేరున రాతిస్తంభం పాతి వచ్చిన ఏడాది ఇసకోడు వచ్చాడు. ఇంకా దక్షిణాన, వానలు వదలని తీరం నుంచి తడిపిల్ల వచ్చింది. అది బావి దగ్గర కాపురం పెట్టాక మేసియ ఇంట్లో బట్టలు ఏనాడూ సరిగా ఆరలేదు. ఆఖరున నడిసముద్రం నుంచి వచ్చింది అటకమీది పెద్దది. దానికి కోపం ఎక్కువ. చేపల పులుసు ఆలస్యమైతే ఇంటి పెంకులు లేపేసేది.

"ఆయనేమో ఊళ్లు కనిపెట్టి పేరు తెచ్చుకుంటాడు. వాటి గాలుల్ని సాకి చచ్చేది నేను" అని విసుక్కుంటూనే మేసియ అన్నిటికీ వేళకు పెట్టేది.

పక్కింటి అల్దోన్సకు వాటితో ఏదో ఒక అవసరం పడుతూనే ఉండేది. "ఏమే మేసియా, మంచం కింద దాన్ని కాసేపు పంపవే, సార్డీన్ చేపలు ఎండబెట్టుకోవాలి."

"పంపుతాను కానీ సాయంత్రానికి తిరిగి పంపెయ్యి. పోయినసారి బాగుంది కదా అని అట్టే పెట్టుకున్నావు."

అలా రోజులు గడుస్తుండగా, మార్తిమ్ వెళ్లి ఏడాదిన్నర దాటాక, ఒక ఉదయం బ్రాష్ కుంటుకుంటూ కొండెక్కి వచ్చాడు. మార్తిమ్‌తో పాటు ఓడల మీద తిరిగి, కాలు విరిగాక ఒడ్డున పడినవాడు బ్రాష్.

"వదినా, అన్న ఓడ వచ్చింది."

"వస్తే ఆ మొహమేంటి?"

"గాలి ఆగిపోయింది. తెరచాపలు వేలాడుతున్నాయి. అలల పోటు ఓడని రేవు పక్కనున్న కొండల మీదికి ఈడ్చుకుపోతోంది. లంగరు తెగినట్టుంది వదినా."

మేసియ గుమ్మంలోకి వచ్చింది. కింద అంతా కనిపిస్తోంది. సాయానికి వెళ్లిన పడవలు అలలకు తట్టుకోలేక వెనక్కి తిరుగుతున్నాయి. ఊరంతా ఒడ్డున ఉంది. ఓడకూ కొండలకూ మధ్య దూరం చూస్తుండగానే తగ్గుతోంది. అప్పుడు ఒక్కొక్కరే తలలు తిప్పి మేసియ ఇంటివైపు చూశారు.

"పెద్దదాన్ని వదలవే మేసియా!" అల్దోన్స కింద నుంచే అరిచింది. "సముద్రం వైపు నుంచి తిరిగొచ్చి ఓడని రేవులోకి తొయ్యమను!"

"అవునవును, లోపలికి! లోపలికి!" అని అందరూ అందుకున్నారు.

మేసియకూ మొదట అదే తోచింది. ఇన్నాళ్లూ ఎదురుచూసిన మనిషి కళ్లముందే ఉన్నాడు. అటక నిచ్చెన మీద కాలు కూడా పెట్టింది. అక్కడ ఆగిపోయింది. గాలి సముద్రం వైపు నుంచి వీస్తే ఓడకు ముందు తగిలేది కొండలే. రేవు వాటి పక్కన ఉంది.

దక్షిణ తీరాల నుంచి ఇంటికి రావాలంటే ఎవరైనా ముందు ఇంటికి వీపు చూపించి నడిసముద్రంలోకి పోవాలని, అక్కడ దొరికే గాలే వెనక్కి తెస్తుందని మార్తిమ్ అన్నం ముందు కూర్చున్నప్పుడల్లా చెప్పేవాడు. విని విని చెవులు వాచిపోయి, "ఇంట్లో ఉండకపోవడానికి ఎంత చక్కని సాకు!" అనేది మేసియ.

"బ్రాష్, ఆయన్ని బయటికి తోసేస్తే?"

బ్రాష్ సముద్రాన్ని చూసి తల ఊపాడు. "కొండ తప్పుతుంది వదినా. కానీ తాగే నీళ్లు ఎన్ని మిగిలాయో! మళ్లీ ఎప్పటికి వస్తాడో, అసలు..." అని ఆపేశాడు.

అయినా మేసియ సముద్రం వైపు తలుపు బార్లా తెరిచి చీపురు అందుకుంది.

"లేవండి! తిని పడుకున్నది చాలు! ఆయన్ని నడిసముద్రంలోకి తోసుకుపొండి. కొండ దగ్గరికి రానిచ్చారో, మళ్లీ ఈ గడప తొక్కనివ్వను!"

మంచం కింద నుంచి, పొయ్యిలోంచి, బావి దగ్గర నుంచి, అటక మీద నుంచి నాలుగూ ఒక్కసారే తలుపు దాటాయి. ఒడ్డున టోపీలు ఎగిరిపోయాయి. పాదిరిగారి అంగీ ఆయన తలమీదికి వచ్చింది. తెరచాపలు ఫట్‌మని నిండాయి. కొండకు రాయి విసిరేంత దూరంలో ఓడ మూతి తిప్పుకుని, వచ్చిన దారినే వెళ్లిపోయింది. వెనక భాగాన ఒక మనిషి రెండు చేతులూ ఊపుతున్నాడు. దీవిస్తున్నాడో తిడుతున్నాడో అంత దూరం నుంచి తెలియలేదు.

"గుమ్మం దాకా వచ్చిన మొగుణ్ని తరిమేసిందమ్మా!" అంది అల్దోన్స.

మేసియ లోపలికి వెళ్లి, పొయ్యి పక్కన కూలబడి ఏడ్చింది. ఆ వారం, ఇసకోడు వచ్చాక మొదటిసారి, కట్టెలు తెప్పించుకుంది.

ద్రాక్ష కోతలు అయిపోతుండగా ఓడ పడమటి నుంచి నిండు తెరచాపలతో దర్జాగా రేవులోకి వచ్చింది. మార్తిమ్ కొండెక్కి గుమ్మంలో నిలబడ్డాడు. గడ్డం పూర్తిగా నెరిసింది.

"ఏమే, మొగుణ్ని చీపురుతో తరుముతావా?"

"బతికున్నావుగా. కూర్చో, తిను."

మార్తిమ్ తిన్నాడు. చివరికి నెమ్మదిగా అన్నాడు.

"దారిలో ఆ నాలుగూ నా మాట ఒక్కటీ వినలేదే. ఏ తాడు లాగినా పడమటికే తోశాయి. వానపడి నీళ్లు దొరికాయి కాబట్టి సరిపోయింది. వెనక్కి తిప్పమని బతిమాలాను, తిట్టాను, ప్రార్థన చేశాను. ఆఖరికి నీ పేరు చెప్పాక తిరిగాయి. ఓడలో అందరూ చూశారు."

"చూస్తే?"

"వసంతానికి ఇంకో ప్రయాణం ఉంది. ఎవరూ వెళ్లని దారి. నేను రాకపోయినా వాళ్లకు ఫర్వాలేదట. నువ్వు రాకపోతే మాత్రం తాడు ముట్టుకోరట."

"ఆడది ఓడెక్కితే అరిష్టమనే వెధవలేనా?"

"ఆ వెధవలే."

మేసియ ఏనాడూ ఆ ఒడ్డు దాటింది లేదు. గుమ్మంలోకి వెళ్లి సముద్రాన్ని చాలాసేపు చూసింది. తర్వాత నడుముకి కట్టుకున్న వంటగుడ్డ విప్పి కొక్కేనికి తగిలించింది.

"వసంతం దాకా ఎందుకు?" అంది.