బంతిలో వలపక్షం

మా నాయన ఎర్రన్న గొర్రెలు కాసినన్నాళ్లూ పెద్దగా నోరు తెరవని మనిషి. వేముల దగ్గర మా ఊళ్లో మంద అమ్మేసి పెరట్లో వంగతోట వేసినప్పటి నుంచి మాత్రం ఎవరు కనిపించినా వ్యామ్ పొడి పురాణం విప్పుతున్నాడు. వేర్లను పట్టుకుని మట్టిలోని సారం అందించే మేలైన బూజు అది. నిరుడు వేశాడు, కాయలు విరగకాశాయి. నిరుడు వానలూ బాగా పడ్డాయి కదా అంటే గయ్యిమంటాడు.

నా ఖర్మకొద్దీ, ఆ పొడి పాకెట్లు అమ్మే మా ఊరి రైతు సేవా కేంద్రంలోనే నాకు ఉద్యోగం. రైతుల మీటింగులో పొడి గురించి నాయనే చెప్పాలని ఊరు పట్టుబట్టింది.

"పొడి వేసిన సాలు, వేయని సాలు పక్కపక్కన పెట్టి చూద్దాం నాయనా. తేడా లేకుంటే మీటింగులో నేనే లేచి చెప్తా" అన్నాను.

"చెప్పు పో. నా మాట తప్పయితే మళ్లా ఊర్లో నోరెత్తను" అన్నాడు. ఆ గొంతు విని నాకు భయమేసింది. ఆయనకున్న ఆస్తి ఆ మాటొక్కటే.

ఒక సాలుకు పొడి వేసి, రెండోదానికి వేయకుండా వంగనారు నాటాను. కోసినప్పుడల్లా తూకం వేశాను. చివరికి రెండూ ఒకటే. మీటింగు ముందురోజు అన్నం దగ్గర ఆ సంగతి చెప్తే నాయన ముద్ద కలపడం ఆపేశాడు.

మా అమ్మ రామేశ్వరమ్మ కూర వడ్డిస్తూ అంది: "ఒకటే గాక ఏమయితాయి? మిగిలిన పొడి రెండో సాలుకు నేను వేసినా గదా."

"అమ్మా!"

"ఏందే అరుస్తాండావు? ఒకే బంతిలో కూసోబెట్టి ఒకరికి వడ్డించి ఒకరికి లేదంటారా యాడన్నా? పాపం గాదా?"

నాయన ఎగిరి గంతేశాడు. "చూస్తివా! అందుకే రెండూ కాసినాయి!"

"వేయని సాలు యాడుంది నాయనా, దానికంటే ఇవి ఎక్కువ కాసినాయనేదానికి?"

ఆయన సగం అన్నం వదిలేసి చేయి కడుక్కున్నాడు.

మర్నాడు మీటింగులో గొప్పలు పోతాడనే అనుకున్నాను. లేచి ఖండించడానికి సిద్ధంగా కూర్చున్నాను. నాయన తువ్వాలు సర్దుకుని నిలబడ్డాడు.

"పొడి మంచిదనే అనుకుంటాండా. రుజువయితే కాలేదప్పా. మా ఇంట్లో ఇంక కాదు గూడా."

అంతే, కూర్చున్నాడు. నాకు కళ్లు చెమర్చాయి. ఇంత చదివిన నేను ఏ మీటింగులోనూ అంత నిజం చెప్పలేదు.

వెనక నుంచి మా ఊరి రైతు తిరుపాల్ లేచాడు. "మామా, నాకు రెండు పాకెట్లు." అతని వెనక ఇంకో పదిమంది.

"రుజువు కాలేదని చెప్పినాడు గదా!" అని మొత్తుకున్నాను.

"అందుకేమ్మా. రుజువు లేదని ఒప్పుకునే మనిషే మంచిదనుకుంటాండాడంటే, ఇంక రుజువెందుకు?"

చేసేది లేక పేర్లు రాసుకున్నాను. ఒక్క సాలైనా పొడి లేకుండా వదలమని అందరినీ బతిమాలాను.

"పాపం గదమ్మా" అన్నాడు తిరుపాల్.