ఓడీల్ చేతి మైకు

ఓడీల్ నోటికి తాళం వేసేవాడు ఇంకా పుట్టలేదని స్టీన్‌బెకె ఊరంతా ఏనాడో ఒప్పేసుకుంది. ఏటా వసంతంలో ఆ ఊళ్ళో జరిగే ఆడవాళ్ళ సైకిల్ పందానికి మైకు ఆయనది. ఆయనది అంటే నిజంగా ఆయనదే. ఇర్మాను చేసుకున్న ఏడాది మామగారు పిలిచి చేతిలో పెట్టి, "అల్లుడూ, పిల్లనిచ్చాను, ఇదీ ఇస్తున్నాను, జాగ్రత్త" అన్నాడట. అప్పటినుంచి ఆ మైకు ఇంకో నోరు ఎరగదు. మేయరైనా సరే, గొంతు చించుకుని అరవాల్సిందే. ఆయన అరిచింది ఓడీల్ మళ్ళీ మైకులో చెబుతాడు, అదీ తనకు నచ్చినంత మేరకు.

పందెం మొదలయ్యే ముందు సైకిల్ తొక్కే పిల్లలు ఒక్కొక్కరే చర్చి పక్కన వేసిన వేదిక ఎక్కి, పలక మీద సంతకం పెట్టి దిగుతారు. వేరే ఊళ్ళలో అయితే ఆ పిల్ల గెలిచిన కప్పులన్నీ ఏకరువు పెడతారు. స్టీన్‌బెకెలో అదేం కుదరదు. ప్రతి పిల్లకూ ఒక ఇంటి పందెం చెప్పాలి. అంటే వాళ్ళమ్మ గుమ్మంలో నుంచుని చూసేంత దగ్గరగా పోయే పందెమన్నమాట. అదేదో కనుక్కోవడానికి ఓడీల్ ముందు రోజే ఆయా జట్ల మెకానిక్కులను కూర్చోబెట్టి బీరు పోయిస్తాడు. కనుక్కున్నాక అచ్చంగా తన ఊరి భాష ఫ్లెమిష్‌లో చెబుతాడు. ఇటలీ వాళ్ళు తమ దేశం చుట్టే పందాన్ని జీరో దితాలియా అని ముద్దుగా పిలుచుకుంటే, అది ఓడీల్ నోట్లో పడగానే రొండె వాన్ ఇటాలియె అయిపోతుంది. తను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు.

ఈ ఏడు టీవీ వాళ్ళు వస్తున్నారు. పక్క దేశాలన్నీ చూస్తాయట. అక్కడ మొదలైంది గొడవ.

రొట్టెల కొట్టు వాళ్ళమ్మాయి యోరిండె పందెం కమిటీలో కొత్తగా చేరింది. బ్రస్సెల్స్‌లో చదువుకుని వచ్చిన పిల్ల, చురుకైనది. చిన్నప్పుడు ఓడీల్ భుజాలెక్కి పందెం చూసింది. ఆ పిల్లే శుక్రవారం నాడు చర్చికీ కాఫీ కొట్టుకీ మధ్య కొత్త బ్యానరు కట్టించింది. దాని మీద ఎర్రటి ఇంగ్లీషు అక్షరాలు: స్టీన్‌బెకె క్లాసిక్.

ఓడీల్ కింద నుంచుని ఆ బ్యానరును కాసేపు తినేసేలా చూశాడు.

"ఎవరే ఈ క్లాసిక్? ఎవరింటి కోడలు?"

"బాబాయ్, మొదలుపెట్టకు."

"ఈ ఊరిది ఓమ్‌లోప్. ఓమ్‌లోప్ వాన్ స్టీన్‌బెకె. మా నాన్న ఓమ్‌లోప్‌లో బురదలో పడి రెండు పళ్ళు ఊడగొట్టుకున్నాడు. క్లాసిక్‌లో కాదు."

"ఓమ్‌లోప్ అంటే చుట్టు పందెమని బయటివాళ్ళకు ఏం తెలుస్తుంది బాబాయ్?"

"తెలీకపోతే అడుగుతారు. నోరుంది కదా."

"టీవీ చూసేవాడు ఎవర్ని అడుగుతాడు? నీ వరసే బాలేదు. అన్ని పందాలూ ఇంగ్లీషులో ఒకే తీరుగా చెబితే అందరికీ అర్థమవుతుంది."

మాంసం కొట్టు అషీల్ కమిటీకి పెద్ద. ఓడీల్‌తో కలిసి బడికెళ్ళినవాడు. ఇద్దరి మధ్యా దూరి చేతులడ్డం పెట్టాడు. "ఒరేయ్ ఓడీల్, విను. ఆదివారం ఇద్దరూ చెప్పండి. నువ్వు ఫ్లెమిష్‌లో, అమ్మాయి ఇంగ్లీషులో. వచ్చే ఏటినుంచి ఒక్కరే. ఆ ఒక్కరు ఎవరో ఆదివారం సాయంత్రం తేలుస్తాం."

ఓడీల్‌కు అషీల్ సంగతి తెలుసు. అషీల్ మెత్తగా చెప్పాడంటే లోపల తేల్చేసుకున్నట్టే. ఆ రాత్రి ఇంట్లో ఆయన తిట్లన్నీ అయ్యాక ఇర్మా గిన్నె ముందుకు జరిపింది. "సూపు చల్లారిపోతోంది" అంది, అంతే.

ఆదివారం పొద్దున వాన వెలిసి చౌరస్తా రాళ్ళు తళతళలాడాయి. గాలినిండా కాళ్ళకు రాసుకునే తైలం వాసన, బంగాళాదుంపలు వేగుతున్న వాసన. జనం బీరు గ్లాసులతో వేదిక చుట్టూ మూగారు. ఓడీల్ తన పాత తీగ మైకుతో ఎడమవైపు, యోరిండె టీవీ వాళ్ళిచ్చిన కొత్త మైకుతో కుడివైపు. ఆయన చెప్పడం, వెంటనే ఆ పిల్ల ఇంగ్లీషులో చెప్పడం. జనానికి ఇదో వేడుక అయింది. ఓడీల్ ఒక పేరును రాగం తీసి చెబితే ఫ్లెమిష్ వైపు చప్పట్లు, యోరిండె టకటకా చెబితే కుర్రకారు చప్పట్లు. కింద ఇర్మా ఫ్లాస్కు పట్టుకుని మొగుడి వంకే చూస్తోంది.

అంతలో బాస్క్ అనే కొండసీమ పిల్ల ఒకతి ఎక్కింది. పేరు మయాలెన్. బక్కపలచగా, మోకాలి మీద పాత దెబ్బ మచ్చతో ఉంది. ఓడీల్ గొంతు సవరించుకున్నాడు. ముందు రోజు మెకానిక్కు దగ్గర మంచి ముక్క దొరికింది మరి.

"వాళ్ళమ్మ కిటికీ కిందున్న గుట్టెక్కి గెలిచిన పిల్ల. రొండె వాన్ బాస్కెన్‌లాంట్ విజేత."

"టూర్ ఆఫ్ ది బాస్క్ కంట్రీ" అంది యోరిండె.

మయాలెన్ ఇద్దర్నీ చూసింది. సంతకం పెట్టి, నవ్వుతూ యోరిండెతో ఏదో అంది. యోరిండె మొహం ఎర్రబడింది.

"ఏమంటోంది?" అన్నాడు ఓడీల్. మైకు నోటి దగ్గరే ఉండటంతో ఊరందరికీ వినబడింది.

"ఆ రెండిట్లో ఏదీ తను గెలవలేదంటోంది బాబాయ్."

జనం గొల్లున నవ్వారు. ఓడీల్‌కు తల కొట్టేసినట్టయింది. "మెకానిక్కు తాగి చెప్పాడా ఏమిటి? అడుగు, ఏది గెలిచిందో అడుగు."

యోరిండె అడిగింది. ఆ పిల్ల మెల్లగా, ఇంట్లో మనిషిని పిలిచినట్టు చెప్పింది. "ఇట్సూలియా."

"వాళ్ళ భాషలో పేరది. ఆ పందెమే కదా మనం చెప్పింది" అని గొణిగింది యోరిండె.

ఓడీల్ మాత్రం కదల్లేదు. నెత్తి మీద ఎర్రక్షరాల బ్యానరు గాలికి టపటపా కొట్టుకుంటోంది. ఎవరింటి కోడలు అని శుక్రవారం తనే అన్నాడు. తెలీకపోతే అడుగుతారు, నోరుంది కదా అన్నదీ తనే. ఇన్నేళ్ళుగా ఈ వేదికెక్కిన ఏ పిల్లనైనా, మీ పందాన్ని మీరేమంటారమ్మా అని తను అడిగిందెప్పుడు? మెకానిక్కులను అడిగాడు. పిల్లల్ని అడగలేదు. గురివింద గింజ తన నలుపు ఎరగదని ఊరికే అనలేదు పెద్దలు. ఆయనకు సిగ్గేసింది, అందరి ముందూ నిజంగానే సిగ్గేసింది. కిందికి చూస్తే ఇర్మా ఫ్లాస్కు మూత తిప్పుతూ, ఏం చేస్తావో చెయ్యి అన్నట్టు నుంచుంది.

ఓడీల్ చెయ్యి చాపాడు. మామగారి మైకును ఆ పిల్ల నోటి దగ్గర పెట్టాడు. "చెప్పమ్మా. గట్టిగా చెప్పు."

మేయరు నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు.

"ఇట్సూలియా" అంది మయాలెన్, ఈసారి చౌరస్తా అంతా మోగేట్టు. ఓడీల్ మైకు వెనక్కి తీసుకుని తనూ అన్నాడు. తప్పుగా అన్నాడు. ఆ పిల్ల పకపకా నవ్వి సరిచేసింది. మళ్ళీ అన్నాడు. అప్పుడు జనమూ అన్నారు, బీరు నురగ మూతులతో.

ఇక ఆ తర్వాత ఎక్కిన ప్రతి పిల్లకూ అదే వరస. ఓడీల్ ఆ పిల్ల వాళ్ళమ్మ పేరు చెప్పి, వాళ్ళ ఊరి పేరు చెప్పి, మైకు ముందుకు చాపడం. యోరిండె పక్కన నుంచుని ఏం అడుగుతున్నాడో వాళ్ళకు విడమరచడం. ఇటలీ పిల్ల ఒర్నెల్లా తమ జీరో పేరును పాట పాడినట్టు చెప్పింది. ఆమె వెనకే లియెజ్ నుంచి వచ్చిన క్లోతిల్డ్ ఎక్కింది. సొంత దేశం పిల్లే, కానీ ఫ్రెంచి మాట్లాడే వైపు పిల్ల, ఫ్లెమిష్ వాళ్ళకూ వాళ్ళకూ భాష దగ్గర ఏనాటినుంచో పడదు. స్టీన్‌బెకె వాళ్ళు ఆ ఊరిని లౌక్ అంటారు, చచ్చినా లియెజ్ అనరు. ఆ చౌరస్తాలో మైకులో ఫ్రెంచి మాట వినబడిన పాపాన పోలేదు. పిల్ల బెదురుగా, దాదాపు గొంతులోనే, "లియెజ్-బాస్తోన్-లియెజ్" అంది. ముందు వరస ముసలాళ్ళు తలలొంచి బూట్లు చూసుకున్నారు.

"మళ్ళీ చెప్పు తల్లీ, వెనకాల వాళ్ళకు వినబడలేదు" అన్నాడు ఓడీల్, తనకొచ్చిన సంతబేరాల ఫ్రెంచిలో.

ఆ పిల్ల తలెత్తి చెప్పింది. ముందుగా ఇర్మా చప్పట్లు కొట్టింది. ఆమె కొట్టాక కొట్టకుండా ఉండే ధైర్యం ఆ వరసలో ఎవడికుంది?

సంతకాలు సాగిసాగి పందెం ఆలస్యమైంది. టీవీ ఆయన గడియారం చూసుకుంటూ చిందులు తొక్కాడు. అషీల్ మొహం కొట్లో వేలాడే మాంసం రంగుకు తిరిగింది. ఓడీల్‌కు అవేవీ పట్టలేదు. పోతే పోయింది మైకు, పోయే ముందు ఒక మంచి పని చేసింది అనుకున్నాడు.

మధ్యాహ్నం ఒర్నెల్లా గెలిచింది. మయాలెన్‌ది మూడో స్థానం. పూలగుచ్ఛం అందుకుని వేదిక దిగబోతూ ఆ పిల్ల ఓడీల్ దగ్గర ఆగింది. పైనున్న బ్యానరు చూపించి, ఆయన్ని చూపించి, యోరిండెను ఏదో అడిగింది.

యోరిండె తను కట్టించిన బ్యానరు వంక ఒకసారి చూసింది. "బాబాయ్, మీరు ఈ పందాన్ని ఏమంటారని అడుగుతోంది. నిన్నే."

నలభై ఏళ్ళుగా గుక్క తిప్పుకోకుండా మాట్లాడిన మనిషి ఆ ఒక్క మాటకు టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. "ఓమ్‌లోప్" అన్నాడు. "ఓమ్‌లోప్ వాన్ స్టీన్‌బెకె."

మయాలెన్ ఆయన చేతిలోని మైకును తనవైపు లాక్కుని ఆ మాట అంది. ఓమ్ ఒక చోట, లోప్ ఒక చోట పడ్డాయి, స్టీన్‌బెకె అయితే గుర్తుపట్టడానికే లేదు. అయినా చౌరస్తా దద్దరిల్లిపోయింది. ఓడీల్ కళ్ళు తుడుచుకున్నాడు, దాచుకోలేదు కూడా.

సాయంత్రం కాఫీ కొట్లో అషీల్ గ్లాసు పట్టుకుని వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. యోరిండె, ఇర్మా అక్కడే ఉన్నారు.

"టీవీ వాడు పొద్దున నన్ను కడిగేశాడురా" అన్నాడు అషీల్. "ఇందాక వచ్చి, వచ్చే ఏడు కూడా పిల్లల చేతే చెప్పించమన్నాడు. వాళ్ళ పేర్లు వాళ్ళ నోటే. కాబట్టి విను. వివరాలన్నీ అమ్మాయి చెబుతుంది, రెండు భాషల్లోనూ. నువ్వు మైకు పట్టుకో."

"పట్టుకుని?"

"పట్టుకుని వాళ్ళ ముందు పెట్టు. మాట్లాడక్కర్లేదు."

ఓడీల్ గ్లాసు కింద పెట్టాడు. కాసేపు కష్టంగానే అనిపించింది. నలభై ఏళ్ళ మాట ఒక్కసారిగా పోవడమంటే మాటలా? కానీ లియెజ్ పిల్ల తలెత్తినప్పుడు మైకు తన చేతిలోనే ఉంది. ఆ సంగతి తలుచుకుంటే కడుపు నిండినట్టే ఉంది.

"సరే" అన్నాడు. "చివర్లో మన పందెం పేరు మాత్రం నేను చెబుతాను."

"అదొక్కటీ నీదే" అన్నాడు అషీల్.

"నీ వెనకే నేనూ చెబుతాలే బాబాయ్. క్లాసిక్ లేకుండా" అంది యోరిండె. బ్యానరుకు కొత్త అక్షరాలు ఎవరు రాస్తారో, ఏ రంగులో రాయించాలో చెప్పడం మొదలుపెట్టింది. ఓడీల్ మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాకుండా చివరిదాకా విన్నాడు.

ఇర్మా లేచి వచ్చి, జ్వరమేమైనా తగిలిందేమోనని ఆయన నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.