నిక్కచ్చి కొట్టివేతలు

సావిత్రమ్మకు ఒళ్ళు మండిపోయింది. నిన్న హిందూపురం నెట్ సెంటర్లో రెండు గంటలు కూర్చుని ఎక్కించిన పది వాక్యాల్లో ఈ రోజుకు మిగిలింది ఒక్కటి. 'ఓబుళప్ప ఫిడేలు వాయిస్తాడు.' అంతే! తను రాసిన 'వాయిస్తారు'లోని గౌరవం కూడా ఊడింది. ఇదంతా 'నిక్కచ్చి' అనే పేరుతో దిద్దే మహానుభావుడెవడో చేసిన పని.

రెండువేల ఎనిమిది నాటి సంగతి ఇది. ఆడపిల్లల బడిలో సంగీతం టీచరుగా రిటైరైన సావిత్రమ్మకు, ఎవరైనా రాయొచ్చు, ఎవరైనా దిద్దొచ్చు అనే తెలుగు విజ్ఞానకోశం ఒకటి ఇంటర్నెట్టులో ఉందని తెలిసింది. ఎవరెవరికో పేజీలున్నాయి. తనకు ఆరేళ్ళు ఫిడేలు నేర్పిన ఓబుళప్ప అయివారికి ఉండొద్దా?

ఉండొద్దన్నాడు నిక్కచ్చి. 'వింటే రాళ్ళు కరుగుతాయి' అని రాస్తే, 'ఏ రాళ్ళు? ఆధారం?' అని అడిగాడు. అంతటితో ఊరుకున్నాడా? ఈయనకు పేజీ ఉండేంత పేరు లేదు, తొలగించండి అంటూ పైన నోటీసు తగిలించాడు. వారంలోగా అచ్చులో ఆధారం చూపకపోతే వ్యాసం ఎగిరిపోతుంది. అయివారికి ఎనభై దాటాయి. శిష్యులు నలుగురు కూడా మిగల్లేదు. ఈ పేజీ కూడా పోతే ఆయన పేరు ఇంకెక్కడా ఉండదని సావిత్రమ్మ బెంగ.

ధర్మవరం వెళ్ళి, అయివారి కచేరీలంటే చెవికోసుకునే చీరల వ్యాపారి జయచంద్ర ఇంట్లో పాత కాగితాలన్నీ తిరగేసింది. పత్రిక ముక్క ఒకటి దొరికింది. 1971 సంగీత ఉత్సవాల్లో, కచేరీ మధ్యలో తీగ తెగినా ఓబుళప్ప ఆపకుండా మూడు తీగల మీదే రాగం ముగించాడని అందులో ఉంది. తేదీతో సహా వ్యాసంలో ఎక్కించింది. 'ఇప్పుడు కొట్టు నాయనా, చూస్తాను' అనుకుంది.

గంటలో కొట్టేశాడు. కింద కారణం కూడా రాశాడు: 'తప్పు. తీగ తెగలేదు. తీగ బిగించే బిరడా జారింది.'

సావిత్రమ్మ నోరు తెరుచుకుని చూసింది. ముప్పై ఏడేళ్ళ కిందట వేదిక మీద జారిందో తెగిందో ఇంత గట్టిగా చెప్పగలిగేది ఎవరు? ఆ రోజు మృదంగం వాయించినాయన పోయి పదేళ్ళయింది. అయినా ఈ కొట్టివేతలు తనకు కొత్తా? "గమకాలు ఎక్కువైనాయి, తగ్గించమ్మే" అంటూ ఆరేళ్ళు తన వాయింపును కత్తిరించింది ఎవరట!

అయివారుండే పెనుకొండకు బస్సెక్కింది. ఆమె వెళ్ళేసరికి ఓబుళప్ప తన మనవరాలి కంప్యూటర్ ముందు కూర్చుని, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ నొక్కుతున్నాడు.

"అయివారూ, నిక్కచ్చి మీరేనా?"

"ఏమ్మే, కూచో," అన్నాడు ముసలాయన, దొరికిపోయిన సిగ్గే లేకుండా. "నేనంత పెద్దోన్ని కాదు. నువ్వు లేనిపోనివి రాస్తాండావు. నలుగురు సదివి నవ్వరా?"

సావిత్రమ్మకు కోపమూ ఏడుపూ కలిసి వచ్చాయి. ముందు ఆయన కాళ్ళకు దండం పెట్టింది. తర్వాత ఆయన్ను పక్కకు జరగమని, అదే కంప్యూటర్లో తన పేరుతో విజ్ఞానకోశం నిర్వాహకులకు ఫిర్యాదు రాసింది. నిక్కచ్చి, ఓబుళప్ప ఒకరేననీ, ఎవరి మీది వ్యాసంలో వాళ్ళే వేలు పెట్టకూడదనే నియమం ఉందనీ.

"గురువు మీదనే చాడీలు చెప్తాండావా?"

"నియమం తప్పుంటే చెప్పండి."

ఆయన రెండుసార్లు చదివాడు. "సరిగానే ఉండాది," అని గొణిగాడు.

మూడోనాటికి నిర్వాహకులు పత్రిక ముక్క చాలన్నారు, నోటీసు తీసేశారు, ఆ వ్యాసంలో నిక్కచ్చి ఇక చెయ్యి పెట్టకుండా కట్టడి చేశారు. సావిత్రమ్మ సంబరం అంతా ఇంతా కాదు. ఆ సాయంత్రమే ఫోన్ మోగింది.

"సావిత్రీ... దాంట్లో మా యమ్మ పేరు ల్యాదు." అయివారి గొంతు ఎన్నడూ లేనంత మెత్తగా ఉంది. "నరసక్క. నాకు మొట్టమొదట పాట చెప్పింది ఆయమ్మే, చేన్లో కలుపు తీస్తా. అచ్చులో యాడా ల్యాదు. రాద్దామంటే నా చేతులు కట్టేపిస్తివి."

మర్నాడు నెట్ సెంటర్ తెరవగానే సావిత్రమ్మ వెళ్ళి కూర్చుంది. 'తొలి గురువు తల్లి నరసక్క' అని వ్యాసం మొదట్లోనే రాసింది. దానికి ఏ ఆధారమూ లేదు. కొట్టేసేవాడూ లేడు.