నెక్కొండ దగ్గర రెండెకరాలు

"ఉప్పు తప్ప బయట ఏదీ కొనొద్దు మనం," అన్నాడు రాజమౌళి. స్నేహలత అప్పుడు అతని చొక్కా ఇస్త్రీ చేస్తోంది.

హన్మకొండలోని హార్డ్‌వేర్ దుకాణం తమ్ముడికి అప్పగించి, నెక్కొండ దగ్గర రెండెకరాలు కొని, అక్కడే ఇల్లు కట్టుకుని బతకాలని అతని కొత్త పట్టుదల. ఆవు, కూరగాయలు, కట్టెల పొయ్యి. అలా బతికేవాళ్ల వీడియోలు రోజూ చూస్తాడు. వాటిలో పిడకలు కొట్టే ఆడవాళ్ల నవ్వులు కనిపిస్తాయి, నడుములు కనిపించవు.

ఆదివారం రాజమౌళి తల్లి అనసూయతో కలిసి ముగ్గురూ పొలం చూడ్డానికి వెళ్లారు. రాజమౌళి మట్టి పిసికి చూశాడు, బోరు మోటారు వేయించి నీళ్లు చూశాడు. "ఈడ ఆవుకు కొట్టం. పొద్దుగాల్నే పాలు పిండుకుంటం. ఆడ కూరగాయలు పెట్టుకుంటం."

"కట్టెల పొయ్యి మీద జొన్నరొట్టె తినక ఎన్నేండ్లాయె," అంది అత్త.

స్నేహలత కాలు ఒకచోట నిలవలేదు. ఆమె కూడా పొలాన్ని చూస్తోంది, వేరేగా. రోడ్డు మీదికి ఎంత దూరం నడవాలి? వానాకాలం కట్టెలు ఎక్కడ ఎండుతాయి? ఆవు ఈనే రోజు తనకు జ్వరమొస్తే? పిండుకుంటం, పెట్టుకుంటం, దంచుకుంటం. పెళ్లయినప్పటి నుంచీ వింటున్న మాటలే. 'చుట్టాలను పిలుద్దాం' అన్నా, 'అమ్మను మనదగ్గరే ఉంచుకుందాం' అన్నా, ఆ 'మనం'లో చేతులు మాత్రం తనవే. చిత్రమేమిటంటే గాలి బాగుంది. చేను బాగుంది. ఇక్కడ ఊరికే కూర్చోవాలనిపించింది. ఊరికే కూర్చునే చోటు ఈ ప్లానులో ఎక్కడా లేదు.

పక్క చేనులో మిరపకాయలు ఏరుతున్న యాకమ్మ అనే ముసలామెను పలకరించింది. "భూమి మంచిదేనా అవ్వా?"

"భూమికేంది బిడ్డా. కోతులతోటే పరేషాన్. పొద్దందాక ఒకలు కావలుండాలె."

"మీ ఇంట్ల కావలి ఎవరుంటరు?"

యాకమ్మ వింతగా చూసింది. "ఇంకెవరుంటరు? నేనే."

వెనకనుంచి రాజమౌళి నవ్వాడు. "మాకు ఫికర్ లేదు. ఈమె ఎట్లాగూ నౌకరి ఇడిచిపెడ్తది. కావలుంటది."

స్నేహలత బ్లడ్ టెస్టుల ల్యాబులో పనిచేస్తుంది. రోజు మొత్తంలో ఆమెను పేరుపెట్టి పిలిచే చోటు అదొక్కటే. విడిచిపెడతావా అని ఎవరూ అడగలేదు. తిరిగి కారు దగ్గరికి నడుస్తూ నెమ్మదిగా అంది.

"భూమి మంచిగున్నది. తీసుకోండ్రి."

అతని ముఖం వెలిగింది. "నచ్చిందా?"

"మస్తు నచ్చింది. మీరు, అత్తమ్మ ఈడ ఉండుండ్రి. నేను హన్మకొండల్నే ఉంట, నౌకరి చేసుకుంట. ఐతారం ఐతారం చుట్టంలెక్క వస్త. నాకింత అన్నం వండిపెట్టుండ్రి."