దమయంతి నాలుగో గంట

నేను ఒక డయాలసిస్ మిషన్ని. ఉద్దానం జనం మాత్రం నన్ను అలా పిలవరు, "మూడో నెంబరు" అంటారు. ఒంటి మీద ఎర్ర పెయింటుతో ఆ అంకె వేసింది వీళ్ళే. మనిషి భుజాల ఎత్తు ఉంటాను. కింద చక్రాలు, ముందు ఒక పంపు, పైన ఒక తెర. కిడ్నీలు చేతులెత్తేసిన మనిషి రక్తాన్ని బయటికి తెచ్చి, అందులోని చెత్తనూ మిగులు నీటినీ తీసేసి, తిరిగి లోపలికి పంపడం నా ఉద్యోగం. నాది నిదానం స్వభావం. తొందరపెడితే నాకు చిరాకు, అవతలి మనిషికి నరకం.

పుట్టింది పరాయి దేశపు ఫ్యాక్టరీలో. నన్ను పరీక్షించిన ఇంజనీరు నా గడియారాన్ని పది గంటల దాకా నడిపించి, బాగానే లెక్కపెడుతున్నానని ఒక కాగితం అంటించాడు. ఎవరికి ఎన్ని గంటలు ఇవ్వాలో మాత్రం ఆ కాగితంలో లేదు. అది మనుషులు చూసుకుంటారని అనుకుని ఉంటాడు, పాపం.

మొదట విశాఖపట్నంలో ఒక పెద్ద ప్రైవేటు ఆసుపత్రిలో ఉన్నాను. అక్కడ ఒక రైసుమిల్లు యజమాని వచ్చేవాడు. ఆయనకి నాలుగున్నర గంటలు. అయిదు నిమిషాలు తగ్గితే డాక్టరును పిలిపించేవాడు. పడుకుని క్రికెట్ చూసేవాడు, ఇడ్లీ తెప్పించుకునేవాడు, పని అయ్యాక నన్ను తట్టి మరీ వెళ్ళేవాడు. నేను మంచిదాన్నని నాకు నమ్మకం కుదిరింది అక్కడే. అయిదేళ్ళకు కొత్త మోడల్ రాగానే నన్ను తుడిచి, లారీ ఎక్కించి, ఉద్దానంలోని ఒక చిన్న ప్రభుత్వాసుపత్రికి పంపారు.

ఇక్కడ జీడితోటలూ కొబ్బరితోటలూ ఎక్కువ, కిడ్నీ జబ్బూ ఎక్కువే. పొద్దున ఏడింటికి ఒక షిఫ్టు, మధ్యాహ్నం పన్నెండుకి ఇంకొకటి. మనిషికి నాలుగు గంటలని డాక్టరు రాస్తాడు. ఆ నాలుగు గంటల మీదే నాకూ గోడ గడియారానికీ పేచీ. ట్యూబు మెలిపడినా, నీళ్ళు అందకపోయినా నేను అరిచి ఆగిపోతాను. ఆగిన నిమిషాలను లెక్కలో వేసుకోను, పని చేయని నిమిషాలను చేసినట్టు ఎలా చెప్పుకుంటాను? గోడ గడియారానికి ఈ పట్టింపు లేదు. దాని ప్రకారం నాలుగు గంటలు అయిపోతాయి, నా తెర మీద ఇంకా పావుగంట ఉంటుంది. జనం దాన్నే నమ్మి, "ఈ మూడో నెంబరు దొంగది, టయిము మింగేత్తంది" అని నన్ను తిట్టేవారు.

అందరికన్నా ఎక్కువ తిట్టింది దమయంతి. నలభై ఏళ్ళు కూడా ఉండవు. పల్లెలో బడిపిల్లలకి మధ్యాహ్న భోజనం వండుతుంది. పొద్దున షిఫ్టులో నా దగ్గర ఆమెదే వంతు. మోచేయి దాటిన పొడుగు చేతుల జాకెట్టు వేసుకుని, కూరగాయల సంచితో వచ్చేది. వంకాయలూ టమాటాలూ ఉన్న ఆ సంచిని నా కొక్కేనికే తగిలించేది. నాకు ఏదీ తగిలించకూడదని రూలు. సిస్టర్ గ్రేసమ్మ చూసీ చూడనట్టు ఊరుకునేది.

పది కాగానే మొదలయ్యేది. "సిస్టరమ్మా, తీసీమ్మా. బస్సెల్లిపోద్ది."

"ఇంకా గంటుంది దమయంతీ."

"తీసీమ్మా, నీకు దండం పెడతాను."

గ్రేసమ్మ సూదులు తీసి, రిజిస్టరులో 'రోగి కోరిక మేరకు' అని రాసేది. దమయంతి సంతకం పెట్టి, దూది అదుముకుంటూ బస్సుకు పరుగెత్తేది. రెండేళ్ళు ఇదే తంతు. ఎందుకని ఒక్కరూ అడగలేదు. అడగవలసిన అవసరం ఎవరికుంది? ఆమె గంట ముందు లేస్తే నన్ను కడగడానికి గ్రేసమ్మకి తీరిక దొరుకుతుంది. మధ్యాహ్నం నా దగ్గరికి వచ్చే జోగారావు పన్నెండుకి బదులు పదకొండుకే పడుకుంటాడు, మూడుంబావు బస్సు అందుకుంటాడు. ఆయన ఒకప్పుడు సముద్రం మీద వేటకు వెళ్ళినవాడు, ఇప్పుడు ఇంటి అరుగు మీద కూర్చునే ముసలాయన. ఒక ఆడమనిషి వదులుకున్న గంట ఇలా అందరికీ కలిసొచ్చింది.

కలిసిరానిది ఆమెకీ నాకూ మాత్రమే. నాలుగు గంటల్లో నెమ్మదిగా తీయవలసిన నీటిని మూడు గంటల్లో లాగమని నాకు ఆజ్ఞ. లాగితే ఆమె పిక్కలు పట్టేసేవి, కళ్ళు తిరిగేవి. "ఇది మిషను కాదు, రాకాసి" అనేది. ఆ బాధకి ఒక్కోసారి పదికన్నా ముందే లేచేది. అప్పుడు ఒంట్లో ఇంకా నీరు మిగిలేది, మళ్ళీసారి ఇంకా గట్టిగా లాగవలసి వచ్చేది. నాకు నోరుంటే చెప్పేదాన్ని. నాకున్నది అలారమే, అది మోగితే మీట నొక్కి నోరు మూయిస్తారు.

ఆ చలికాలం డాక్టరు ఆమెకు చెప్పేశాడు. "గుండె ఉబ్బుతోందమ్మా. ఇలా గంట కోసుకుంటూ పోతే ఏడాది దాటడం కష్టం." ఆమె తలూపింది. ఆ రోజు కూడా పదింటికే లేచింది.

మార్చిలో ఒక మంగళవారం ఆమె బీపీ ఒక్కసారిగా పడిపోయింది. నేను గొంతు చించుకుని అరిచాను. గ్రేసమ్మ పరుగున వచ్చి, మంచం కాళ్ళవైపు ఎత్తించి సెలైన్ ఎక్కించింది. దమయంతి కళ్ళు తెరిచి మొదట అడిగింది బస్సు గురించే.

గ్రేసమ్మకి కోపమొచ్చింది. "చచ్చిపోతావే! ఆ బస్సులో ఏముంది?"

అప్పుడు బయటపడింది. బడిలో ఎవరికీ ఈ జబ్బు సంగతి తెలియదు. వారానికి మూడుసార్లు సంతలో కూరలు కొనడానికి వెళ్తున్నానని అక్కడ చెప్పుకుంది. అందుకే ఆ సంచి, సూది గుర్తులు కనబడకుండా ఆ పొడుగు చేతులు. పదకొండుకల్లా పొయ్యి దగ్గర లేకపోతే పంతులుగారు ఆరా తీస్తారు. "రోగిష్టిది వండితే మా పిల్లలు తినరని ఎవులైనా అంటే? డెబ్బయి మంది పిల్లలమ్మా. నా సేత్తో ఒడ్డించకపోతే నాకు ముద్ద దిగదు."

తన వంతుకోసం గుమ్మంలో నిలబడిన జోగారావు అంతా విన్నాడు.

"అయితే ఒడ్డించీసే రా అమ్మీ," అన్నాడు. "నా మధ్యాన్నం నువ్వు తీసుకో. పొద్దుటిది నానొత్తాను."

"ఏడింటికంటే నువ్వు తెల్లారకముందే లెగాల మావా."

"సముద్రానికెల్లినోడికి అదేటి కష్టం? రెండేళ్ళబట్టి నీ గంట నానే తినీసినాను. ఇప్పుడు తెలిసింది."

పరిష్కారం ఇంత చిన్నదని తెలిసి గ్రేసమ్మ అప్పటికప్పుడే పెన్ను తీసింది. రిజిస్టరులో షిఫ్టు మార్చడానికి పట్టింది ఒక్క నిమిషం.

ఆ గురువారం దమయంతి పిల్లలకి వడ్డించి, ఒంటిగంటన్నరకి వచ్చింది. నేను నా నిదానంతో నాలుగు గంటలూ పని చేశాను. మూడో గంటకి ఆమె నిద్రపోయింది, గురక కూడా పెట్టింది. గ్రేసమ్మ లేపితే బిత్తరపోయింది.

"అయిపోనాదా? మరి నొప్పి రాలేదేటి?"

నొప్పి వైద్యంలో భాగమేనని ఆమె ఇన్నాళ్ళూ అనుకుంది. తొందర వల్ల వచ్చిందని తెలియగానే ఏడ్చింది. నాకు ఏడ్చే వీలు లేదు గానీ, సంతోషం వేసిన మాట నిజం. గ్రేసమ్మ రిజిస్టరు తెరిచి, 'కోరిక మేరకు' రాసే గడిని ఖాళీగా వదిలేసింది.

గుండె పూర్తిగా బాగుపడలేదు. చెడిన మేర చెడింది, ఇకపైన చెడకుండా కాచుకుందామని డాక్టరు అన్నాడు. కానీ ఆమె ఏడాది దాటింది, ఇంకో మూడేళ్ళూ దాటింది. పొట్టి చేతుల జాకెట్టు మాత్రం వేసుకోలేదు. ఆ సంచి ఇంకా తెస్తుంది, అందులో ఇప్పుడు దుప్పటి ఉంటుంది.

నాకు వయసు మీదపడింది. ఇప్పుడు ఆసుపత్రి వెనక గదిలో విరిగిన మంచాల మధ్య ఉన్నాను. ఇక్కడికి నెట్టుకురావడానికి ముందు రోజు సంగతి ఒక్కటి చెప్పి ఆపుతాను.

ఆ రోజు కూడా నా దగ్గర దమయంతే. ట్యాంకులో నీళ్ళు సరిగా అందక నేను మూడుసార్లు అరిచి ఆగాను. ఇరవై నిమిషాలు పోయాయి. గోడ గడియారం అయిదూముప్పావు చూపించింది. ఆరింటికి ఆమె బస్సు.

గ్రేసమ్మ గ్లవ్స్ తొడుక్కుని వచ్చింది. "నాలుగు గంటలైంది దమయంతీ. తీసేస్తాను, బస్సు అందుతుంది."

దమయంతి గోడవైపు చూడలేదు. నావైపు తల తిప్పి, నా తెర మీది అంకెలు కూడబలుక్కుని చదివింది.

"ఇంకా ఇరవై ఉంది సిస్టరమ్మా. ఇది అబద్దమాడదు. బస్సుని పోనీ, ఏడున్నరకి ఇంకోటుంది."

గ్రేసమ్మ గ్లవ్స్ తీసేసి, స్టూలు లాక్కుని పక్కన కూర్చుంది. బయట ఆరింటి బస్సు హారన్ కొట్టి వెళ్ళిపోయింది. పంపు అరిగిపోయి, లోపల ప్రతి వైరూ వణుకుతున్నా, ఆ ఇరవై నిమిషాలూ నేను ఒక్కసారి కూడా అరవలేదు.