అంకెలు రాలిన గడియారం

కాకి పిల్ల కాకికి ముద్దు అన్నట్టు, ఆ గడియారం ఇంకెవరికీ నచ్చకపోయినా అమ్మకు మాత్రం నచ్చింది. ఇంటి సామాన్లు తయారుచేసే కంపెనీలో డిజైనరుగా చేరిన కొత్తలో కూతురు చేసిన వస్తువు అది. తెల్లటి పలక మీద ముళ్లు బుద్ధిగానే తిరుగుతాయి. రంగురంగుల అంకెలు మాత్రం పట్టుతప్పి జారిపోయినట్టు అడుగున కుప్పగా పడి ఉంటాయి. దుకాణాల్లో ఒక్కటీ అమ్ముడుపోకపోతే అమ్మ ఒకటి తెచ్చుకుని వంటగదిలో తగిలించుకుంది. అంకెలకు కూడా మధ్యాహ్నం కునుకు కావాలి కాబోలని వచ్చినవాళ్లందరినీ నవ్వించేది. ముళ్లను బట్టే ఠక్కున టైము చెప్పేది.

నాన్న పోయాక అమ్మ ఆ ఫ్లాటులో ఒక్కతే ఉంది. రెండుసార్లు పొయ్యి మీద పాలు మరిచిపోయి గిన్నె మాడ్చేసరికి, ఆ వంటగదిలోకి ఎప్పుడూ తొంగిచూడని కొడుకు కంగారుపడి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. కూతురూ వెంట వెళ్లింది. డాక్టరు ఏవేవో అడిగాడు. అమ్మ కొన్నింటికి తడబడింది. చివరికి కాగితం ఇచ్చి గడియారం బొమ్మ గీయమన్నాడు.

అమ్మ ముఖం విప్పారింది. గుండ్రంగా గీత గీసి, ముళ్లు పెట్టి, అంకెలన్నీ తెచ్చి అడుగున కుప్పపోసింది. డాక్టరు ఆ బొమ్మను కొడుక్కి చూపించి, అంకెల చోటు కూడా మరిచిపోయారని, ఇక ఒంటరిగా ఉంచొద్దన్నాడు.

కూతురికి మాట నోటిదాకా వచ్చింది. అది తను చేసిన గడియారమేనని ఒక్క ముక్క అంటే చాలు. కానీ ఆఫీసుకూ అమ్మ ఇంటికీ మధ్య తిరిగి తిరిగి ఆమె ప్రాణం విసిగి ఉంది. అమ్మను ఎవరైనా చూసుకుంటే తనకూ కాస్త ఊపిరి సలుపుతుందనిపించింది. అలా అనిపించినందుకు సిగ్గుపడింది. సిగ్గుపడుతూనే నోరు మూసుకుంది.

అమ్మను వృద్ధాశ్రమంలో చేర్చి ఫ్లాటు అద్దెకిచ్చేశారు. అన్నతో నిజం చెప్పాలని కూతురు ఎన్నోసార్లు అనుకుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభమని ప్రతిసారీ ఆగిపోయింది. అమ్మ మాత్రం ఒక్కసారైనా గొడవపడలేదు. అదే కూతుర్ని ఎక్కువ బాధపెట్టింది.

ఒకరోజు ఆ గడియారాన్ని ఆశ్రమానికి తీసుకెళ్లి, అమ్మ మంచం ఎదుట గోడకు తగిలించింది. కాసేపు చూసి, కాస్త వెనక నడుస్తోందే అంది అమ్మ. కూతురు తన వాచీ చూసుకుంది. అమ్మ అన్నది నిజమే. గడియారం దించి ముల్లు సరిచేసింది.

"ఆ రోజు డాక్టరుకి దీన్నే గీసి చూపించాను," అంది అమ్మ, గొంతులో కోపమేమీ లేకుండా. "నువ్వు పక్కనే ఉన్నావుగా. ఇది నేను చేసిందేనండీ అని చెప్తావనుకున్నానమ్మా."