వంటింట్లో వాన

బయట వాన తగ్గి చాలాసేపయింది. వంటింట్లో మాత్రం ఇంకా తగ్గలేదు. రఫ్ఫక్క చేత్తో కూర కలుపుతూనే కాలితో బేసిన్‌ని కాస్త పక్కకు నెట్టింది. మొన్నటిదాకా స్టవ్‌కి ఎడంగా కప్పులోంచి పడే చుక్క ఇప్పుడు మనసు మార్చుకుని దగ్గరకు జరిగింది. స్టవ్ నెత్తిన పాత గొడుగొకటి మేకుకు వేలాడుతోంది. అది ఆమె సొంత తెలివి. దాన్ని మొదటిసారి చూసిన రోజున భర్త గుమ్మంలోనే నిలబడి మురిసిపోయాడు. "నువ్వు ఇంజనీరువి కావలసినదానివే. ఇంక ఆ కప్పు సంగతి చూడక్కర్లేదన్నమాట" అన్నాడు. ఆయన మెచ్చుకున్నప్పుడల్లా ఆమెకి ఏదో ఒక పని ఖాయమైపోతుంది.

అత్తగారి తీరు వేరు. ఆవిడ మెచ్చుకోదు. "మా రోజుల్లో ఇంతకు రెండింతలు కారేది. మేం నోరెత్తామా?" అంటుంది. అప్పుడే నోరెత్తి ఉంటే ఈపాటికి కప్పు బాగుపడి ఉండేది కదా అని రఫ్ఫక్క అనుకుంటుంది గానీ, అనదు. తలకు చుట్టుకున్న తువ్వాలు పిండి మళ్ళీ చుట్టుకుంటుంది.

రఫ్ఫక్క అన్న పేరు ఆమెకు వీధి పెట్టింది. బజారు మలుపులో ఉన్న లాండ్రీలో ఆమె రఫ్ఫు పని చేస్తుంది. సిగరెట్టు కాల్చిన కోటు, మేకుకు తగులుకుని చిరిగిన ప్యాంటు, ఎలుక రుచి చూసిన శాలువా, అన్నీ ఆమె ఒళ్ళోకే వస్తాయి. ఆ బట్టలోంచే పోగులు లాగి, చిరుగు ఎక్కడుందో తెలియకుండా అల్లేస్తుంది. ఈ విద్యలో ఒక చిక్కుంది. బాగా చేస్తే చేసినట్టే తెలియదు. "ఏదమ్మా, ఏం చేశావని? ఇక్కడ అసలు చిరగనే లేదు కదా" అని బేరానికి దిగే మహానుభావులు వారానికి ఇద్దరైనా తగులుతారు. లాండ్రీ యజమాని కూడా ఆ మాటకే వంతపాడి కూలి తగ్గిస్తాడు. ఆమె ఇంటికొచ్చి ఇల్లంతా అదే పద్ధతిలో నడుపుతుంది.

అలాంటి సమయంలో మున్సిపాలిటీ వాళ్ళు పాత ఇళ్ళ మరమ్మతుకు నిధులిస్తున్నామని ప్రకటించారు. ఇంటికి ఒక్క గది. ఏ గది ప్రమాదంగా ఉందో వాళ్ళ ఇంజనీరే వచ్చి చూసి తేలుస్తారు. ఈ మాట వినగానే భర్త లేచి కూర్చున్నాడు. ఆయన బీమా ఏజెంటు. ముందుగదిలో సోఫా వేసుకుని, జనానికి చావు గురించి చాలా మర్యాదగా చెబుతుంటాడు.

"హాలు బాగుచేయిద్దాం. నలుగురూ వచ్చి కూర్చునే చోటు" అన్నాడు.

"హాలు కారడం లేదు కదండీ" అంది రఫ్ఫక్క.

"గోడకి పగులుంది. సున్నం పెచ్చులూడుతోంది. నా దగ్గరికొచ్చినవాళ్ళు ఆ గోడ చూసి నా కంపెనీనే అనుమానిస్తున్నారు."

"వంటిల్లు..."

"వంటింట్లోకి ఎవరొస్తారే?"

నేనొస్తాను అని ఆమె నోటిదాకా వచ్చింది. పొద్దున లేచిన దగ్గర్నుంచి, లాండ్రీలో కూర్చున్న వేళ తప్ప, ఆమె బతుకంతా అక్కడే. ఈ ఒక్కసారి ఆ కప్పు బాగుపడకపోతే మళ్ళీ ఏనాటికీ బాగుపడదని ఆమెకు తెలుసు. ఈ ఇంట్లో సొంత డబ్బు ఎప్పుడూ ముందుగదికే నడుస్తుంది, వంటింటిదాకా రాదు. కానీ పైకి మాత్రం, "ఇంజనీరు ఏమంటారో చూద్దాం లెండి" అంది.

ఇంజనీరు వస్తున్నారన్న కబురు అందిన దగ్గర్నుంచి ఇంట్లో పెళ్ళివారొస్తున్నంత హడావిడి మొదలైంది. ప్రభుత్వం మనిషి వస్తుంటే ఇల్లు అలా ఉంచుతామా అని అత్తగారు పట్టుబట్టింది. రఫ్ఫక్క సెలవు పెట్టి వంటింటి గోడలు తోమింది, కప్పు మీది బూజుమరకలు గోకింది, నేల మూడుసార్లు కడిగింది. బేసిన్లు, గిన్నెలు, చెంబులు బోర్లించి మంచం కిందికి తోసింది. గొడుగు దించి, మడిచి దాచేసింది. భర్త హాల్లో పగులుకి అడ్డంగా తన కంపెనీ క్యాలెండర్ తగిలించి, పెచ్చులూడిన చోట సున్నం పూయించాడు. ప్రమాదంలో ఉన్నామని డబ్బడగబోతూ ప్రమాదాన్ని ఇంత శ్రద్ధగా దాచుకున్న సంసారం ఆ వీధిలో మరొకటి ఉండదు. ఆ సంగతి ముగ్గురిలో ఏ ఒక్కరికీ తట్టలేదు, రఫ్ఫక్కతో సహా.

ఇంజనీరు ఒక నడివయసు ఆవిడ. మడమల దాకా బురదంటిన బూట్లు, చేతిలో టార్చి. ఎండ కాస్తున్న పూట వచ్చింది. హాలు చూసింది, వంటింట్లో టార్చి వేసి నాలుగు మూలలూ చూసింది, బయటికొచ్చి, "ఇల్లు చాలా బాగా ఉంచుకున్నారండీ" అంది.

"థాంక్సండీ" అన్నాడు భర్త, ఛాతీ పొంగించి.

"మా పథకం కూలిపోయే ఇళ్ళకి."

ఛాతీ మళ్ళీ యథాస్థానానికి వచ్చింది. ఇల్లు కారుతుందనీ, వాన వస్తే చూడాలనీ ముగ్గురూ ఒకేసారి మొదలుపెట్టారు. ఆవిడ వాచీ చూసుకుని, "సరే, వాన పడే రోజు ఇంకోసారి వస్తాను. అదే ఆఖరు. అప్పుడూ ఏం కనబడకపోతే ఈ నిధులు పక్క వార్డుకి వెళ్ళిపోతాయి" అని చెప్పి వెళ్ళిపోయింది.

ఆవిడ మెట్లు దిగగానే పంచాయితీ మొదలైంది.

"అంత తళతళలాడేలా తోమమని నీకెవరు చెప్పారమ్మాయ్?" అంది అత్తగారు.

"మీరే కదా అత్తయ్యా."

"నేను ఊడవమన్నాను. అద్దంలా చెయ్యమన్నానా?"

"నీ పనితనమే మన కొంప ముంచింది" అని భర్త తీర్పు చెప్పి, సోఫాలో కూర్చుని పేపరు విప్పుకున్నాడు.

ఆ మాటకి ఆమెకి ముందు ఏడుపొచ్చింది, తర్వాత ఒళ్ళు మండింది, ఆ తర్వాత గిన్నెలు తోముతుండగా నవ్వొచ్చింది. నిజమే కదా, తన పనితనమే. ఇన్నేళ్ళుగా ఈ ఇల్లు నిలబడింది గోడల మీద కాదు. ఏ చినుక్కి ఏ గిన్నో, ఏ గాలికి ఏ కిటికీలో గుడ్డ కుక్కాలో, ఎంత వాన వస్తే మెయిన్ స్విచ్చి కట్టెయ్యాలో చూసుకునే ఒక మనిషి మీద. ఆమె నీళ్ళు ఎత్తిపోస్తుంటే ఇల్లు కారడం లేదు, తుడుస్తుంటే తడవడం లేదు. అందుకే ఆయనకు ఇల్లు బాగానే కనిపిస్తుంది, అందుకే అత్తగారికి తన రోజుల్లోనే ఎక్కువ కారినట్టుంటుంది, అందుకే టార్చి వేసి చూసినావిడకి కూడా ఏమీ కనబడలేదు. ఈ కప్పుకీ ఈ సంసారానికీ మధ్య పోగులు లాగి అల్లింది తనే. అలా కనబడకుండా అల్లినందుకు ఇన్నాళ్ళూ గర్వపడిందీ తనే. ఆ గర్వం మీదే ఆమెకు ఎక్కువ కోపం వచ్చింది. చివరి గిన్నె బోర్లిస్తూ, వాన వచ్చే రోజున తను ఏం చెయ్యాలో ఆలోచించింది. ఏం చెయ్యకూడదో తేలిపోయింది.

వాన నాలుగో రోజున వచ్చింది, అదీ కుండపోతగా. ఇంజనీరమ్మ బయల్దేరానని ఫోన్ చేసింది. రఫ్ఫక్క లేచి వంటింటి మెయిన్ స్విచ్చి కట్టేసింది. ఎంత కోపమున్నా ఎవరి చావూ కోరుకునేంత కాదు. తర్వాత ఒక కుర్చీ తెచ్చి వంటింటి గుమ్మంలో వేసుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"అమ్మాయ్, మొదలైంది. గిన్నెలు పెట్టు" అని అత్తగారు లోపలినుంచి కేకేసింది.

"మంచం కింద ఉన్నాయి అత్తయ్యా."

"నన్ను పెట్టమంటావా?"

"మీకు అలవాటే కదా. మీ రోజుల్లో రెండింతలు కారేదన్నారు."

అత్తగారు గిన్నెలు తెచ్చి తోచిన చోటల్లా పెట్టింది. చుక్కలు మాత్రం తమ చోట్లలోనే పడ్డాయి. స్టవ్ తడిసింది, ఉప్పు డబ్బా నిండింది, ఒక పెచ్చు ఊడొచ్చి నేల మీద పడి పగిలింది. నీళ్ళు గుమ్మం దాటి, కుర్చీ కాళ్ళ మధ్యగా పాక్కుంటూ హాల్లోకి బయల్దేరాయి. రఫ్ఫక్క కాళ్ళు రెండూ ఎత్తి కుర్చీ మీద పెట్టుకుంది. ఆమెకి భయంగానే ఉంది. చేతులు వాటంతటవే గుడ్డ కోసం లేవబోతుంటే ఒకదాన్నొకటి పట్టుకుని ఆపుకుంది.

హాల్లో ఆమె భర్త అంతకన్నా పెద్ద పనిలో ఉన్నాడు. క్యాలెండర్ తీసేశాడు. మొన్న పూయించిన సున్నాన్ని చెంచాతో గోకేశాడు. అదీ చాలక మగ్గుతో నీళ్ళు తెచ్చి గోడ మీద చల్లుతున్నాడు. చల్లుతూ చల్లుతూ వెనక్కి అడుగేసి, వంటింట్లోంచి వచ్చిన నీళ్ళలో జారి సోఫాలో కూలబడ్డాడు. సరిగ్గా అప్పుడే ఇంజనీరమ్మ గొడుగుతో లోపలికొచ్చింది.

ముందు హాలు గోడ చూసింది. చేత్తో తడిమింది. "కప్పు పొడిగా ఉంది. గోడ మాత్రం నడుమెత్తు నుంచి కిందికి తడిసింది" అని ఆయన చేతిలోని మగ్గు వైపు చూసింది. అక్కణ్ణుంచి వంటింటి గుమ్మందాకా వచ్చి, మడవబోయిన గొడుగు మళ్ళీ విప్పుకుని లోపలికెళ్ళింది. చాలాసేపటికి బయటికొచ్చింది.

"పోయినసారి నేను చూసింది ఈ వంటిల్లేనా?"

"అదేనండీ" అంది రఫ్ఫక్క. "అప్పుడు నేను నిలబడి ఉన్నాను. ఇవాళ కూర్చున్నాను."

ఇంజనీరమ్మ ఆ కుర్చీనీ, ఆ కాళ్ళనీ చూసింది. పెదవి చివర ఏదో కదిలింది గానీ, ఆవిడ డ్యూటీలో ఉంది. "వంటింటికి రాస్తున్నాను. కప్పు మొత్తం తీసి మళ్ళీ కొత్తగా వెయ్యాలి. వారంలో మనుషులొస్తారు" అంది. రఫ్ఫక్క ఎత్తిపెట్టుకున్న కాళ్ళు నీళ్ళలోకి దించింది. సంతోషం ఇంత తడిగా ఉంటుందని ఆమె అనుకోలేదు.

"అయితే ఇంకో మాట" అంది ఇంజనీరమ్మ. "పని అయ్యేసరికి రెండు నెలలు పడుతుంది. అన్నాళ్ళూ ఈ గదిలోకి ఎవరూ రాకూడదు. వంట ఎక్కడ చేసుకుంటారు?"

"అదా," అన్నాడు భర్త, తడిసిన ప్యాంటు పిండుకుంటూ. "అది మా ఆవిడ చూసుకుంటుంది లెండి."

"దొడ్డివైపు వసారా ఉందిగా. ఓ తడిక అడ్డం పెట్టుకుంటే సరి" అంది అత్తగారు.

రఫ్ఫక్క కుర్చీలోంచి లేచింది. హాల్లోకి నడిచి నాలుగు గోడలూ చూసింది. వెలుతురుంది, గాలుంది, కప్పు పొడిగా ఉంది. సోఫాకి ఎదురుగా, వీధి కిటికీ కిందికి వేలు చూపించింది.

"స్టవ్ ఇక్కడ పెడదాం."

"ఇక్కడా?" భర్త సోఫాలోంచి లేవబోయి మళ్ళీ జారాడు. "నా దగ్గరికి నలుగురూ వచ్చే చోటు. వాళ్ళేమనుకుంటారే?"

"ఏమనుకుంటారో తెలీదండీ. ఎవరు వండుతున్నారో మాత్రం చూస్తారు" అని, వంటింట్లోకెళ్ళి తడి స్టవ్‌ని ఒక చివర పట్టుకుని, రెండో చివర పట్టుకోవడానికి ఆయన కోసం ఆగింది.